టీవీలో పోయిన బెయిలు

మా సీనియర్ సాయిశ్రీనివాస్ గారు అనకాపల్లిలో పేరున్న క్రిమినల్ లాయరు. పగలు కోర్టు, సాయంత్రం లోకల్ కేబుల్ చానల్లో చర్చ, ఆ పైన బ్లాగు. మూడింటిలో ఆయనకు ఓపిక తక్కువ ఉన్నది కోర్టుకే. కేసు కాగితాలు నేను చదవాలి. ఆయన కోర్టు మెట్లెక్కుతూ తిరగేస్తారు.

2008లో ఒక సోమవారం, బెల్లం మార్కెట్లో దిమ్మలు పోయిన సంగతి మీద టీవీలో చర్చ పెట్టారు. నిందితుడు అక్కడే మూటలు మోసే కలాసీ. సారు బల్ల గుద్ది చెప్పారు: "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే ఇలాంటివాళ్లకి బెయిలిస్తే ఊళ్లో ఒక్క గోదాము మిగలదు."

మర్నాడు కోర్టులో లేచి, "నా క్లయింటు అప్పలరమణ అమాయకుడు, బెయిలు ఇప్పించండి" అన్నారు. అదే కలాసీ, అదే బెల్లం.

ప్రభుత్వ ప్లీడరు సగమే లేచారు. "నేను వేరే చెప్పేదేముందండీ? నిన్న టీవీలో సాయిశ్రీనివాస్ గారు చెప్పిందే నా వాదన."

జడ్జిగారు నవ్వు బిగబట్టుకుని పిటిషన్ కొట్టేశారు.

బయట అప్పలరమణ భార్య ఈశ్వరి సారుకి దండం పెట్టింది. "బాబూ, మా ఇంటాయన కేసు కూడా ఆ టీవీలోనే సెప్పండి. అక్కడైతే మీ మాట సెల్లుతంది."

సారు అప్పటికే నాకు బ్లాగు చెప్పి రాయిస్తున్నారు. శీర్షిక: 'పేదవాడి బెయిలు మింగేస్తున్న టీవీ చర్చలు'.

అది చదివి చానల్ వాళ్లు ఆ సాయంత్రమే చర్చ పెట్టారు. మాట్లాడటానికి సారునే పిలిచారు.