కింది గిన్నె

నీలం పనికోటు మీద నడుముకు తాడు బిగించుకుని, ఇనుప నిచ్చెన మీద నిలబడి, గిన్నెల పిన్ని పై గిన్నెకు పట్టిన నాచును గీకుతోంది. కాంక్రీటూ గాజూ తప్ప మరో సొగసు లేని ఆ పెద్ద ఆఫీసుకు ముందుగోడ నిండా స్టీలు గిన్నెలే. నీళ్లు వదిలితే పై గిన్నె నిండి ఒరుగుతుంది, కిందది అందుకుంటుంది. అలా గోడంతా కదిలి కదిలి, ఆఖరి గిన్నె తొట్టిలోకి కుమ్మరిస్తుంది. అమర్చిందెవరో ఆమెకు తెలియదు. తోమేది మాత్రం పెళ్లయిన కొత్తలోంచీ తనే. ఇంట్లో గిన్నెలు, ఇక్కడా గిన్నెలు. "నుదుట రాసినవాడికి వేరే మాట తోచలేదు," అని నవ్వేది.

ఈరోజుతో ఆ పని ఆఖరు.

కింద నిలబడి కొత్త సూపర్‌వైజరమ్మ అడిగింది. "పిన్నీ, కింది గిన్నె వెనక ఆ సున్నపు పెచ్చేంటి? తీసెయ్యండి."

అది ఏళ్ల తరబడి నీళ్లకు పేరుకుంటే పిన్ని కావాలని వదిలిన పెచ్చు. వెనక ఆ బరువుండబట్టే గిన్నె, బద్ధకపు కోడలు నడుం వంచినట్టు, తాపీగా ఒరిగేది. ఈలోగా తొట్టి దగ్గర ఆడుకునే పక్క బడి పిల్లలు తప్పుకునేవాళ్లు. ఎప్పుడో ఒక పిల్ల తడిసి ముద్దయితే, తల్లి వచ్చి అందరి ముందూ తనని దులిపేసింది. ఆ భయం ఇంకా పోలేదు.

"ఉండనీ అమ్మా. పిల్లలు తడుస్తారు."

"తడిస్తే ఆరతారు. ఉప్పుబొమ్మలా ఏంటి?"

పంపు చూసే అతను కిసుక్కున నవ్వాడు. "ఆఖరి రోజు కూడా మొండికేస్తావా అక్కా?"

గీకక తప్పలేదు.

సాయంత్రం బడి వదిలారు. పిన్ని ఇంటికి పోకుండా, కోడిపెట్టలా చేతులు చాపి తొట్టి దగ్గర నిలబడింది. "జరగండమ్మా, జరగండి!"

"మెల్లగా వస్తుందిలే బామ్మా," అందో పిల్ల, ధీమాగా.

గిన్నె ఒక్కసారిగా బోర్లాపడింది. నీళ్లన్నీ పిల్లల నెత్తిన, పిన్ని నెత్తిన. ఇక ఏడుపులూ తిట్లూ తప్పవని ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

"మళ్లీ! మళ్లీ!"

కళ్లు తెరిచేసరికి పిల్లలు తోసుకుంటూ గిన్నె కిందికే చేరుతున్నారు. బెంచీల మీద తల్లులు నవ్వుతున్నారు.

"ఓసి నా తెలివి తెల్లారా! ఇన్నాళ్లూ వీళ్ల సరదాకి అడ్డం పడింది నేనా!" పిన్ని నోరు నొక్కుకుంది. కానీ కాలు కదపలేదు. ఇంకో గిన్నెడు నెత్తిన పోయించుకుంది.

"జలుబు చేస్తుందక్కా, రా ఇవతలికి!"

"చెయ్యనీరా. రేపు సెలవేగా."

పొద్దు గుంకకముందే, ఎవరికీ చెప్పకుండా, వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయింది. సామాన్ల గదిలో మేకుకు ఆమె నీలం కోటు వేలాడుతోంది, చేతుల అంచుల నుంచి ఒక్కో చుక్కే నేల మీదికి జారవిడుస్తూ.