వాచ్ పని

గడియారాలు బాగుచేసే పెద్దాయన కొట్టు మూతపడి ఆరు నెలలైంది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. ఇంట్లో ఉన్న ఒక్క టైంపీసునీ నాలుగుసార్లు విప్పి బిగించాడు పాపం! "ఇంకోసారి దాన్ని విప్పారో, ఊరుకునేది లేదు" అని ఇల్లాలు కసిరింది. పని దొరక్కపోతే పిచ్చెక్కేలా ఉందని ఆయనకీ తెలుసు. అందుకే లైబ్రరీ గేటు మీద 'వాచ్‌మన్ కావలెను' అన్న అట్టముక్క కనబడగానే ప్రాణం లేచివచ్చింది. భూతద్దం, బుల్లి స్క్రూడ్రైవర్లు సంచీలో వేసుకుని మర్నాడు పొద్దున్నే వెళ్లి వాలాడు.

లైబ్రేరియన్ ఆ సంచీ చూసి, "ఇవన్నీ ఎందుకు బాబాయ్ గారూ?" అంది.

"వాచీల మనిషి కావాలన్నారుగా అమ్మా. ఎన్ని గడియారాలున్నాయేంటి?"

ఆవిడ పడీపడీ నవ్వి, కావలసింది కాపలా మనిషని చెప్పింది. పెద్దాయన మొహం చిన్నబోయింది. ఇంటికి వెళ్లి ఏమని చెప్పాలి?

"కాపలాకీ వాచీకీ ఒకటే పేరేంటమ్మా? ఇంగ్లీషువాళ్లకి మాటలు కరువా?" అన్నాడు ఉక్రోషంగా.

పుస్తకాల మనిషిని మాట గురించి అడిగితే ఇక ఆగుతుందా! లావుపాటి నిఘంటువు తీసి, అందులో తల దూర్చింది.

"మొదట్లో వాచ్ అంటే మెలకువగా ఉండడమట. నిద్ర లేవడాన్ని వేక్ అంటామే, అదీ ఇదీ అక్కచెల్లెళ్లు. మెలకువగా ఉన్నవాడే కదా కాపలా కాసేది! అలా కాపలాకి ఆ పేరొచ్చింది. కాపలావాళ్ల వంతులు చెప్పేది కాబట్టి గడియారానికీ అదే పేరు పెట్టారని కొందరంటారు."

"మొత్తానికి అసలు సంగతి మెలకువన్నమాట."

"అంతే బాబాయ్ గారూ."

"అయితే ఏమీ అనుకోకండమ్మా. మీరు తల వంచుకుని చదువుతుంటే, అదిగో ఆ నీలంచొక్కా ఆయన పుస్తకమొకటి పొట్ట దగ్గర దోపుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లాడు కూడా."

ఆవిడ ఒక్క ఉదుటున పరుగెత్తింది. నీలంచొక్కా ఆయన నీళ్లు నములుతూ పుస్తకం తీసిచ్చాడు.

"ఇంత దూరం నుంచి ఎలా చూశారండీ?" అంది ఆవిడ, ఆయాసపడుతూ వచ్చి.

"నలభై ఏళ్లు ఆవగింజంత మరలు ఎగిరిపోకుండా కాసినవాణ్ణి. అంత పుస్తకం కనబడదూ?"

"రేపట్నుంచి వచ్చేయండి."

పెద్దాయన ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాడు. ఇల్లాలు గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏం పనండీ?"

"వాచ్ పనే!"

"మళ్లీ విప్పడమేనా?"

"అవునే. ఈసారి కళ్లు విప్పాలట."