గున్నమ్మకు పడని వాన

వాన మొదలైతే గెడ్డవలసలో జనం గొడుగు కోసం వెతుక్కోరు, గున్నమ్మ ఎక్కడుందో చూస్తారు. శృంగవరపుకోట నుంచి కొండల వైపు పోయే రోడ్డు మీద, ప్రభుత్వ కార్యాలయం ప్రహరీకి ఆనుకుని ఆమె టీ బడ్డీ ఉంది. ఎంత జోరు వానైనా గున్నమ్మ మీద చుక్క పడదు. ఆమె మీదే కాదు, ఆమె చుట్టూ పెద్ద వాకిలంత మేర పడదు. ఆమె కదిలితే ఆ పొడి నేలా ఆమెతో కదులుతుంది. శ్రావణంలో కూడా బడ్డీ పక్కన ఎవరో ఒకరి ధాన్యం ఆరుతూనే ఉంటుంది. పెళ్ళివారు ఆమెను ముందుగా పిలిచి పందిట్లో కూర్చోబెడతారు. బడి వదిలే వేళకు ముసురు పట్టి ఉంటే ఆమె టీ గిన్నె దించి, పిల్లల్ని వీధి చివరిదాకా దిగబెట్టి వస్తుంది. ఎందుకిలా అని ఎవరూ అడగలేదు. కొందరికి వంకాయ పడదు, గున్నమ్మకు వాన పడదు. అంతే.

స్వర్ణకు ఈ సంగతి తెలీదు. ఆమెది బొబ్బిలి. విశాఖపట్నంలో వానల మీద పరిశోధన చేస్తోంది. ఉత్తరాంధ్రలో ఏళ్ళ తరబడి కురిసిన వానకు మూడు రకాల లెక్కలున్నాయి. ఒకటి ఊళ్ళలో పెట్టిన వర్షమాపకాలు చెప్పింది. రెండోది ఉపగ్రహం పైనుంచి మేఘాల్ని చూసి వేసిన అంచనా. మూడోది గాలి, తేమ వివరాలు తీసుకుని కంప్యూటరు కట్టింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ నమ్మదగిందో తేల్చడం ఆమె పని.

మూడూ అచ్చంగా ఎక్కడా కలవవు. ఒకే పెళ్ళికి వెళ్ళొచ్చిన ముగ్గురు మూడు రకాలుగా చెప్పినట్టు ఉంటాయి. అయినా పెళ్ళి జరిగిందన్న దగ్గర ముగ్గురూ ఒప్పుకుంటారు. గెడ్డవలస దగ్గర అదీ లేదు. ఉపగ్రహమూ కంప్యూటరూ అక్కడ వాన దంచి కొట్టిందంటే, వర్షమాపకం నేల సరిగా తడవలేదంటుంది. ఏటేటా ఇదే వరస.

"నువ్వే ఎక్కడో పొరపాటు చేసుంటావమ్మా" అన్నారు ఆమె ప్రొఫెసర్ నరసింగరావు. "వెతుకు. దొరక్కపోతే ఆ ఒక్క చోటూ వదిలేసి థీసిస్ ఇచ్చెయ్. దానివల్ల ఎవరికీ నష్టం లేదు."

స్వర్ణ వదిలేసేదే. అంతలో ఝాన్సీ ఫోన్ చేసింది. ఝాన్సీ ఆమెతో చదువుకున్న పిల్ల, ఇప్పుడు ఇళ్ళ కాలనీలు కట్టించే ఇంజనీరు.

"గెడ్డవలసలో గెడ్డ పక్కనే కాలనీ వేస్తున్నామే. గట్టు ఎంత ఎత్తు కట్టాలో వర్షమాపకం లెక్క చూసి డిజైన్ చేశాం. మా పైవాళ్ళు ఇంకొకరి మాట కూడా తీసుకోమన్నారు. నీ దగ్గర లెక్కలున్నాయి కదా, బాగానే ఉందని ఒక్క ముక్క రాసియ్యవే."

కొండల మీంచి దిగే వాగును అక్కడివాళ్ళు గెడ్డ అంటారు. వర్షమాపకం నిజమైతే ఆ గట్టు చాలు. మిగతా రెండూ నిజమైతే కాలనీ మొత్తం నీళ్ళలో ఉంటుంది. తప్పు తనదో యంత్రానిదో తెలీకుండా ఒక్క ముక్క కూడా రాయలేననుకుని స్వర్ణ మర్నాడు బస్సెక్కింది.

ఆమె గెడ్డవలసలో దిగేసరికి కొండ మీద నల్లగా కమ్ముకొచ్చింది. కార్యాలయం గేటు దాకా పోకముందే వాన అందుకుంది. గొడుగు తిరగబడిపోయింది.

"ఏటమ్మా అలగ తడిసిపోతన్నావు! ఇలాగొచ్చీ బేగి" అని పిలిచింది గున్నమ్మ.

స్వర్ణ పరుగెత్తుకుని వచ్చింది. నాలుగడుగులు వేసేసరికి వాన ఆగిపోయింది. తిరిగి చూస్తే వెనకాల కురుస్తూనే ఉంది. బడ్డీ చుట్టూ జనం నింపాదిగా టీ తాగుతున్నారు. ఒకాయన బీడీ వెలిగించుకుంటున్నాడు.

"వాన గున్నమ్మకి పడదులెండి" అన్నాడాయన, జరిగి చోటిస్తూ.

"అలాగా" అంది స్వర్ణ. కొంగుతో మొహం తుడుచుకుని టీ గ్లాసు అందుకుంది. రెండు గుటకలు తాగాక ఆమె చూపు ప్రహరీ అవతలికి పోయింది. పొట్టి గోడ వెనక, పొడి నేల మీద, వర్షమాపకం నిలబడి ఉంది. దాని మీద సన్నగా దుమ్ము కూడా ఉంది.

స్వర్ణ గ్లాసు కింద పెట్టింది. గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. తప్పు తనది కాదు. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. తప్పు తనది కాకపోతే, గెడ్డ పక్కన ఇళ్ళు కట్టకూడదు.

"అమ్మా, ఈ బడ్డీ ఎప్పట్నుంచి ఇక్కడుంది?"

"మా తులసి కడుపున పడినప్పట్నుంచీ. ఏటి, ఎందుకడుగుతన్నావు?"

స్వర్ణ దాచకుండా చెప్పింది. గున్నమ్మ పొయ్యి మంట తగ్గించి అంతా విన్నది.

"ఆ కాలనీలోన మా తులసికీ స్థలమొచ్చింది తల్లీ. దానికిద్దరు సిన్నపిల్లలు. నా మూలంగా నా కూతురు కొంప గెడ్డలో కలిసిపోద్దా?"

"మీ మూలంగా కాదమ్మా. ఆ యంత్రాన్ని ఇక్కడ పెట్టినవాళ్ళు మిమ్మల్ని చూసుకోలేదు. మీరు కొన్నాళ్ళు ఊళ్ళో లేకపోతే, నిజంగా ఎంత పడుతోందో ఆ యంత్రంతోనే కొలుస్తాను. అది చూపిస్తేనే పైవాళ్ళు వింటారు."

గున్నమ్మ మర్నాడే మూట కట్టుకుని బొబ్బిలిలో వీణలు చేసే తమ్ముడింటికి వెళ్ళిపోయింది. కొట్టు కప్పు కారుతుందని బెంగపడుతున్న ఆ తమ్ముడు, వీణలకని తెచ్చిన పనసచెక్కల మధ్యనే అక్కకు మంచం వేశాడు.

ఆమె లేని ఆ వర్షాకాలంలో గెడ్డవలస వర్షమాపకం మొదటిసారి నిండింది. స్వర్ణ అక్కడే గది తీసుకుని రోజూ కొలిచింది. ఉపగ్రహం చెప్పినదానికన్నా కూడా ఎక్కువే పడుతోంది. కొండవాలున కురిసే వాన పైనుంచి చూసే కంటికి పూర్తిగా ఆనదు. ఆ కొలతలు పంపితే నరసింగరావు గారు ఫోన్ చేశారు.

"వదిలెయ్యమన్నాను కదా, వదలకుండా మంచి పని చేశావు. అన్నట్టు, అలాంటావిడ ఇంకెక్కడైనా వర్షమాపకం పక్కన ఉందేమో కనుక్కో" అన్నారు.

ఝాన్సీ కాలనీని మెట్ట మీదికి మార్చే కాగితాలు పెట్టింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది. గెడ్డ పక్కనైతే రోడ్డు దగ్గర, నీళ్ళు దగ్గర. మెట్ట మీదికి ఆటో కూడా రాదు. అందరికన్నా గట్టిగా అరిచింది తులసి.

"ఈ పట్నం పిల్లెవులు మా స్థలం మార్చడానికి? ఆ గెడ్డ పొంగితే పొలాలు మునుగుతాయి, మళ్ళీ దిగిపోద్ది. నా సిన్నప్పట్నుంచీ సూత్తన్నాను!"

గొడవ సంగతి విని గున్నమ్మ బొబ్బిలి నుంచి వచ్చింది. కూతురి చెయ్యి పట్టుకుని, ఎడతెగకుండా కురుస్తున్న వానలో గెడ్డ దాకా నడిపించింది. ఇద్దరూ పొడిగానే ఉన్నారు. ఎదురుగా గెడ్డ ఎర్రగా, చెట్లను దొర్లించుకుంటూ పోతోంది.

"నువ్వు సిన్నప్పట్నుంచీ నా కొంగట్టుకుని సూసినావే వానని. నీ మీదెప్పుడు పడింది? నీ పిల్లలు నా కాడుండరు. ఆళ్ళు నీ ఇంట్లో పడుకుంటారు."

తులసి తల్లి చెయ్యి వదిలించుకుని ముందుకు నడిచింది. పొడి నేల దాటి వానలోకి వెళ్ళి నిలబడింది. క్షణంలో నిలువునా తడిసింది. వాన రాళ్ళు విసిరినట్టు వీపున కొడుతోంది. వణుకుతూ వెనక్కి వచ్చి, "మెట్టకే ఎల్తాను" అంది.

ఆమె ఒప్పుకున్నాక మిగతావాళ్ళూ గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. వర్షమాపకాన్ని జరపడానికి పై నుంచి అనుమతి రావాలన్నారు. అంతదాకా ఎందుకని గున్నమ్మే తన బడ్డీని బస్టాపు అవతలికి జరుపుకుంది. అక్కడ బేరం కాస్త తక్కువే.

మరుసటి ఏడాది మెట్ట మీద ఇళ్ళు లేచాయి. ఆ ఆశ్వయుజంలోనే వాయుగుండం కొండలకు తగులుకుని కదలకుండా కూర్చుంది. విశాఖలో ఉన్న స్వర్ణ ఎన్నిసార్లు చేసినా గెడ్డవలసలో ఎవరి ఫోనూ మోగలేదు. టీవీలో ఆ చుట్టుపక్కల రోడ్లు తెగిన బొమ్మలు చూపిస్తున్నారు. వాన తెరిపిచ్చిన రోజునే ఆమె బయల్దేరింది. బస్సు శృంగవరపుకోట దగ్గర ఆగిపోతే అక్కణ్ణుంచి ట్రాక్టరు మీద, ఆపైన బురదలో నడిచి వెళ్ళింది.

కాలనీ వేద్దామనుకున్న చోట గెడ్డ ఇంకా పారుతోంది. గట్టు కోసం దించిన రాళ్ళు ఒక్కటీ కనబడలేదు. స్వర్ణ మెట్ట ఎక్కింది.

వరసగా ఇళ్ళు. తలుపులు తీసి ఉన్నాయి. తులసి గుమ్మంలో కూర్చుని చిన్నదానికి తల దువ్వుతోంది. పెద్దాడు లోపల మంచం మీద అడ్డంగా పడి నిద్రపోతున్నాడు.

స్వర్ణ అక్కడే మెట్టు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది.

"అయ్యో, ఏటమ్మా, ఏడుస్తన్నావేటి? అందరం బాగున్నాం. అమ్మ పక్కింట్లో ఉన్నాది" అని తులసి దువ్వెన పక్కన పెట్టి, ఆమె బురద చెప్పులు విప్పింది. "లెగు, కాళ్ళు కడుక్కో. మిరియాల సారుతో అన్నం తిందువు గాని."