మగపిల్లీ, ఓర్పు గల మొగుడూ

పాత సోఫాలకు కొత్త బట్ట వేసే మేస్త్రికి నలభై దాటాక పెళ్లయింది. భార్యతో పాటు ఆవిడ పెంచుకుంటున్న మగపిల్లి కూడా కాపురానికి వచ్చింది. వారం తిరక్కుండానే అది తన ప్రతాపం చూపించడం మొదలుపెట్టింది. ముందుగదిలో మరమ్మతుకు వచ్చిన సోఫా దించితే చాలు, దాని దగ్గరకు వెళ్లి వెనక్కి తిరగడం, తోక నిలబెట్టి వణికించడం, సర్రున ఉచ్చ చిమ్మడం. సోఫా అయ్యాక గోడ, గోడ అయ్యాక కిటికీ తెర. ఇల్లంతా తన పేర రాయించుకున్నట్టే తిరిగేది.

భార్య ముక్కుకు గుడ్డ కట్టుకుని కడిగిందే కడిగేది. మేస్త్రి మాత్రం పక్కనే కూర్చుని ఈలవేసుకుంటూ మేకులు కొట్టుకునేవాడు. పిల్లిని పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఇంత ఓర్పు గల మనిషి దొరకడం తన అదృష్టమని ఆవిడ ఫోన్‌లో వదినతో చెప్పుకుంటుంటే విని పొంగిపోయాడు.

ఓర్పూ లేదు, పాడూ లేదు. ఏళ్ల తరబడి జిగురు డబ్బాల మీద వంగి పనిచేసి అతని ముక్కు ఏనాడో చచ్చిపోయింది. పూలైనా పెంటైనా దానికి ఒకటే. ఆ సంగతి చెబుదామనే అనుకున్నాడు. కానీ బుద్ధెరిగాక తనను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఊరికే వచ్చిన మంచిపేరును ఎవరు కాలదన్నుకుంటారు? పైగా "పాపం, మూగజీవం" అంటూ దీర్ఘాలు తీయడం కూడా నేర్చాడు.

కడిగి కడిగి చేతులు పొక్కిపోయాక ఆవిడ పిల్లిని పశువుల డాక్టరుకు చూపించింది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడో అయింది, జబ్బేమీ లేదు అన్నాడాయన. పాత సోఫాలతో పరాయి పిల్లుల వాసనలు ఇంట్లోకి వస్తున్నాయట. అందుకే ఇది తన వాసన పూస్తోందట. సోఫాలైనా బయటికి పోవాలి, పిల్లైనా పోవాలి.

ఆ సాయంత్రం ఆవిడ పిల్లిని బుట్టలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచింది. ఏడ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దీన్ని అన్నయ్య దగ్గరికి పంపించేస్తున్నా. సోఫాలంటే మీ బతుకుదెరువు. మీరింత ఓర్చుకుంటుంటే ఇంకా బాధపెట్టడం నావల్ల కాదండీ."

మేస్త్రి బుట్ట వైపు చూశాడు. నోరు మూసుకుంటే మంచిపేరు దక్కుతుంది. కానీ పిల్లితో పాటు ఆవిడ నవ్వు కూడా గడప దాటిపోతుంది. ఆ నవ్వు లేని ఇల్లు ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. అందులోనే ఇన్నేళ్లు ఒంటరిగా బతికాడు.

"నేనేం ఓర్చుకోలేదు," అన్నాడు తలొంచుకుని. "నాకసలు వాసనే తెలీదు. జిగురుకి ముక్కు పోయి చాలా ఏళ్లయింది."

ఆవిడ నమ్మలేదు. పిల్లి తడిపిన సోఫా దిండు ఒకటి తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది. అతను గుండెల నిండా పీల్చి, ఏమీ తెలియడం లేదన్నాడు. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"అయితే ఇన్నాళ్లూ ఓర్చుకుంది నేనొక్కదాన్నేనన్నమాట."

మేస్త్రి పిల్లిని బుట్టలోంచి వదిలి, సోఫాలన్నీ ఒక్కొక్కటే పెరట్లోని రేకుల షెడ్డులోకి ఈడ్చుకెళ్లాడు. తిరిగి వచ్చేసరికి గది మధ్యలో బకెట్టు, బ్రష్షు సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది, ఒళ్లో పిల్లి.

మేస్త్రి గోడ రుద్దడం మొదలుపెట్టాడు. ఆవిడ వేలు చూపించిన చోటల్లా రుద్దాడు. కంపు పోయిందో లేదో ఆవిడ చెబితే తప్ప అతనికి తెలియదు. ఆవిడకేమో చెప్పే తొందరేమీ లేదు.