డ్రాగన్ బతికే ఉందా?

పళ్ల డాక్టరుగారు ఎంత మొండి పన్నునైనా ఇట్టే పీకేస్తారు గానీ, కథలో డ్రాగన్ చచ్చిపోతే మాత్రం తట్టుకోలేరు. వారం రోజులు తిండి సయించదు. అందుకే ఆ ఇంట్లో ఏ నవలైనా ముందు భార్య చదవాలి. కథ మాత్రం చెప్పకూడదు. "చదవచ్చు" అనో, "వద్దు" అనో ఒక్క ముక్కలో తేల్చేయాలి.

"ఈ రాక్షసులూ రాకెట్లూ నాకెందుకండీ, మీకోసం కాకపోతే!" అని ఆవిడ విసుక్కుంటూనే ఉంటుంది, పేజీ తిప్పుతూనే ఉంటుంది.

ఈసారి బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి.

"ఏది మొదలుపెట్టను?" అన్నారు డాక్టరుగారు.

"అంగారకుడిది చదవండి. డ్రాగన్‌ది మీవల్ల కాదు."

"చచ్చిపోతుందా?"

"కథ చెప్పకూడదన్నది మీరేగా!"

ఆయన గుండె రాయి చేసుకుని, డ్రాగన్ పుస్తకాన్ని తిరిగిచ్చేయడానికి లైబ్రరీకి వెళ్లారు. లైబ్రేరియన్ ఇంకో లావుపాటి పుస్తకం చేతిలో పెట్టింది.

"రెండో భాగమండీ. మేడంగారు పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లు! డ్రాగన్ గుడ్లు పెట్టింది కదా, పిల్లలెలా ఉంటాయోనని ఆవిడకి ఒకటే ఆత్రం."

డాక్టరుగారు రుసరుసలాడుతూ ఇంటికొచ్చారు.

"డ్రాగన్ నిక్షేపంలా ఉందటగా!"

"మొదటి భాగంలో ఉంది," అంటూ ఆవిడ పుస్తకం లాక్కుంది. "రెండోది చూడకుండా మీకెలా భరోసా ఇవ్వను?"

గది తలుపు మూసుకుంది. కాసేపటికి డాక్టరుగారు ఉండబట్టలేక తలుపు తట్టారు.

"ఏమోయ్, బతికే ఉందా?"

"చివరిదాకా చదివితేగా తెలిసేది! ఈలోపు ఏదో ఒకటి వండి పెట్టండి."