పడుకున్నోణ్ణి లేపొద్దు

జల్‌పల్లి చెరువు అంచున ప్లాట్లు అమ్మిన బ్రోకరు ఆ కాలనీకి లేక్ వ్యూ అని పేరు పెట్టాడు. వానలు దంచికొట్టిన ఏడాది ఆ వ్యూ ఏకంగా వంటింట్లోకే వచ్చి కూర్చుంది. అప్పుడు డానియేలు పిక్కల లోతు నీళ్లలో నిలబడి, "చూడు స్వరూపా, ప్లాటు కొన్నప్పుడు చెరువు ఇంత దగ్గరుంటదని చెప్పలె వాడు" అంటూ బియ్యం డబ్బా పైకి అందించాడు. స్వరూప ఆ నీళ్లలోనే నిలబడి కడుపు పట్టుకుని నవ్వింది.

ఇప్పుడు డానియేలు లేడు. ఆ మాట గుర్తుకొస్తే స్వరూపకు నవ్వు రాదు. అట్లాగని ఏడుపూ రాదు. చన్నీళ్లలో చాలాసేపు ఉంచిన చెయ్యిలా అయిపోయింది ఆమె లోపల. ఏదైనా తగిలితే తగిలిందని తెలుస్తుంది, అంతే.

అత్త ఆగమ్మ మాత్రం పొద్దున లేచింది మొదలు కొడుకును తలుచుకుని ఏడుస్తూనే ఉంటుంది. ఏడుపు మధ్యలో కోడలి మొహం చూసిందంటే ఆమెకు ఒళ్లు మండుతుంది.

"వాడు పోయిండంటె చర్చిల పాస్టరయ్య గూడ ఏడ్చిండు. నీ కండ్లల్ల మాత్రం ఓ సుక్క రాలలే. ఏం మనిషివే నువ్వు?"

"బీపీ గోలీ ఏస్కున్నవా అత్తా?" అని అడుగుతుంది స్వరూప, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

డానియేలు సికింద్రాబాదులో ఓ సర్కారు ఆఫీసులో అటెండరు. ఎండలు ముదరకముందు పోయాడు. వానలు మొదలయ్యేసరికి ఆ ఉద్యోగం స్వరూపకు ఇచ్చారు. అదే స్టూలు, అదే తాళాల గుత్తి, అదే సారు టేబులు మీద పెట్టే అదే నీళ్ల గ్లాసు. పొద్దున్నే జల్‌పల్లి నుంచి షేరింగ్ ఆటోలో ఏడుగురి మధ్య ఇరుక్కుని ఫలక్‌నుమా స్టేషనుకు రావడం, అక్కడ లోకల్ రైలెక్కడం కూడా అదే. ఆఖరికి రైల్లో ఆయన కూర్చున్న సీటే ఆమెకూ వచ్చింది.

అది ఆమె కోరుకున్నది కాదు. ఉద్యోగంలో చేరే మొదటి రోజు స్టేషన్లో ఇమ్రాన్ ఎదురొచ్చాడు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. ఇల్లు ఫలక్‌నుమాలో, కొట్టు సికింద్రాబాదులో. డానియేలుతో పదేళ్ల రైలు దోస్తీ. రైలు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరి సీటు పట్టడంలో ఆ ప్లాట్‌ఫారం మీద అతనికి సాటి లేదు. ఆ రోజు కిటికీ పక్క సీటు మీద దస్తీ వేసి, "భాభీ, ఇటు. గిది అన్న జాగ" అన్నాడు. ఎదురుగా పోస్టాఫీసు ప్రహ్లాద్, బట్టల షోరూం గేటు దగ్గర నౌకరీ చేసే మైసయ్య లేచి నిలబడ్డారు, టీచరమ్మ వచ్చినప్పటి పిల్లల్లా. డానియేలుండగా ఈ నలుగురి లొల్లికి రైలు డబ్బా అంతా తిరిగి చూసేదట. ఇప్పుడు వాళ్లు స్వరూప ముందు గట్టిగా దగ్గను కూడా దగ్గరు.

ఆడవాళ్ల డబ్బా వేరే ఉంది. అయినా స్వరూప రోజూ ఈ డబ్బాలోనే, ఈ ముగ్గురి నడుమే కూర్చుంటోంది. దానికి కారణం ఒక ఫోను.

డానియేలు పోయిన పొద్దున కాలనీకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. స్వరూప డ్రమ్ములు వరుసలో పెట్టి, పైపు కోసం పక్కింటామెతో మాటా మాటా అనుకుంటోంది. ఫోను ఇంట్లో మంచం మీద ఉంది. నీళ్లు పట్టుకుని వచ్చి చూస్తే డానియేలు నుంచి మిస్డ్ కాల్ ఉంది. తిరిగి చేస్తే ఎత్తలేదు. కాసేపటికి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. రైలు దిగుతూ సికింద్రాబాదు ప్లాట్‌ఫారం మీద పడిపోయాడనీ, దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయిందనీ చెప్పారు.

ఆయనకు నొప్పి మొదలై ఉంటుంది. భార్యకు ఫోను చేసి ఉంటాడు. భార్య పైపు కోసం కొట్లాడుతూ ఉంది. ఈ మూడు ముక్కలూ స్వరూప గొంతులో అడ్డంగా నిలబడిపోయాయి. ఆయన ఏం చెప్పబోయాడో, ఎవరితోనన్నా ఏమన్నా అన్నాడో, ఆ రోజు పక్కన ఉన్నవాళ్లకే తెలుసు. ఈ ముగ్గురూ పక్కన ఉన్నారు. ఎప్పుడో ఒకప్పుడు వీళ్ల నోటి వెంట ఆ మాట వస్తుందని ఆమె ఆ సీట్లో కూర్చుంటోంది. అడగడానికి మాత్రం నోరు రాదు. 'ఫోన్ చేసిండు, నువ్వు ఎత్తలే' అని ఒక్కరన్నారంటే ఇక ఆ మాటతో బతకాలి.

వాళ్లు బోలెడు చెబుతారు. డానియేలు పల్లీలమ్మే పిల్లాడిని ఎట్లా ఆటపట్టించేవాడో, మలక్‌పేట రాగానే రేసుకోర్సు వైపు చూసి గుర్రాల మీద ఎట్లా మాట విసిరేవాడో చెబుతారు. ఆ చివరి రోజు దగ్గరికి వచ్చేసరికి ముగ్గురికీ ఒకేసారి కిటికీ బయట ఏదో కనిపిస్తుంది.

కొన్నాళ్లకు స్వరూప ఇంకొకటి గమనించింది. ఆమెకు కాస్త కన్ను మూతపడితే చాలు, "భాభీ, చాయ్ తాగుతవా?" అంటాడు ఇమ్రాన్. ఇంకాస్త మూసుకుంటే మైసయ్య పాదంతో సంచిని కదుపుతాడు. ఆమెను గౌరవించి అట్లా పలకరిస్తున్నారనుకుంది. కానీ డానియేలు చెప్పినది వేరు. ఆ బెంచీల దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. పడుకున్నోణ్ణి లేపొద్దు. అందరూ తెల్లవారకముందే లేచేవాళ్లు, సగం నిద్రతో రైలెక్కేవాళ్లు. ఎవరికి కునుకొస్తే వాళ్లు పడుకోవాలి, మిగతావాళ్లు కాపలా కాయాలి, స్టేషనొచ్చాక లేపాలి. "మా దగ్గర నిద్రంటె బ్యాంకు లాకర్ల పెట్టినట్టే" అని డానియేలు గొప్పగా చెప్పేవాడు. మరి ఆ మనుషులే ఇప్పుడు తనను కన్ను మూయనివ్వడం లేదేం?

ఆ సంగతి ఒక సోమవారం తేలిపోయింది.

హుప్పుగూడలో ఒకాయన ఎక్కాడు. ఒంటి మీద సెక్యూరిటీ బట్టలు, రాత్రంతా డ్యూటీ చేసిన కళ్లు. ప్రహ్లాద్ పక్కన కూర్చున్నాడో లేదో తల వాల్చేశాడు. ప్రహ్లాద్ భుజం తట్టాడు.

"అన్నా, ఎక్కడ దిగుతవ్?"

"కాచిగూడ" అని మళ్లీ కళ్లు మూశాడు.

యాకుత్‌పురా దాటకముందే ప్రహ్లాద్ మళ్లీ తట్టాడు. "కాచిగూడ అన్నవు గద?"

"అన్న. వచ్చిందా?"

"రాలె."

"మరెందుకు లేపినవయ్యా?"

"ఊకెనే. అడిగిన."

డబీర్‌పురాలో మూడోసారి తట్టేసరికి ఆయనకు కోపం నషాళానికి ఎక్కింది. "ఏందయ్య నీ లొల్లి? పడుకున్నోణ్ణి చూస్తె నీకేం మంట? ఈ రైలు మీ బాపు కొనిచ్చిండా?"

"పడుకో అన్నా, ఎవరొద్దన్నరు" అన్నాడు ప్రహ్లాద్. అతని గొంతు తేడాగా ఉంది. "గని నడుమ నడుమ జర పలుకు."

"నిద్రల ఎట్ల పలకాలె? నీకు దిమాక్ గిట్ల ఖరాబైందా?"

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఇమ్రాన్ నవ్వలేదు, మైసయ్యా నవ్వలేదు. ఆ మనిషి సంచి తీసుకుని గొణుక్కుంటూ తలుపు దగ్గరికి వెళ్లి నిలబడే కునకడం మొదలుపెట్టాడు. ప్రహ్లాద్ తన అరచేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు.

స్వరూపకు అప్పుడు డానియేలు పాదాలు గుర్తొచ్చాయి. దవాఖాన నుంచి శవంతోపాటు సంచి ఇచ్చారు, ఫోను ఇచ్చారు, పాసు ఇచ్చారు. చెప్పులు మాత్రం లేవు. ప్లాట్‌ఫారం మీది తొక్కిసలాటలో ఎక్కడో పోయి ఉంటాయనుకుంది.

"ఇమ్రాన్ భాయ్" అంది. ఇన్నాళ్లలో ఆమె తనంతట తాను పిలవడం అదే మొదలు. "ఆయన చెప్పులు ఏడున్నయి?"

ముగ్గురూ ఆమెను చూశారు.

"కూసున్నా నిలవడ్డా ఆయన చెప్పులు ఇడ్వడు. పడుకునేటప్పుడే ఇడుస్తడు" అంది స్వరూప. గొంతు పెరగలేదు, వణకలేదు. ఆఫీసులో ఫైలు ఏ బీరువాలో ఉందని అడిగినట్టే అడిగింది. "ఆయన దిగుకుంట పడలె. పడుకున్నడు. మీరు లేపలె. అంతేనా?"

రైలు మలక్‌పేటలో ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. రైలు కదిలాక ఇమ్రాన్ చెప్పాడు.

"అంతే భాభీ. చెప్పులు సీటు కిందనే ఉండిపోయినయి. యాకుత్‌పురల పడుకున్నడు. రాత్రి కరెంటు లేకుండె, నిద్ర లేదన్నడు. మేం గమ్మునున్నం. పల్లీలోడు అరుస్తుంటె మైసయ్య వాని నోరు మూయించిండు."

"నేనే మూయించిన" అన్నాడు మైసయ్య, తల ఎత్తకుండా.

"కాచిగూడల టీసీ ఎక్కిండు" అని ఇమ్రాన్ ప్రహ్లాద్ వైపు చూసి ఆగాడు.

ప్రహ్లాదే అందుకున్నాడు. "డానియేలును లేపబోయిండమ్మా టీసీ. నేనే వద్దన్న. మనోడే సార్, పాసుంది, నిద్ర ఖరాబ్ జెయ్యకుండ్రి అన్న. నేనే చెయ్యి పెట్టి అంగీ జేబుల కెల్లి పాసు తీసి చూపెట్టిన. మల్ల జేబుల పెట్టిన." ఎడమ రొమ్ము మీద చెయ్యి ఆనించి చూపించాడు. "ఈడ. గింత దగ్గర పెట్టిన చెయ్యి. నాకు తెల్వలె."

ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"సికింద్రాబాదుల మైసయ్య లేపితె ఒరిగిండు" అన్నాడు ఇమ్రాన్. "నాకు ఏం సమజ్ గాలె. ఆయన ఫోన్ తీసి పచ్చ బటన్ నొక్కిన. నీ నంబరుకే పోయింది. నువ్వు ఎత్తలె. ఎత్తకుంటెనే మంచిదాయె, ఎత్తితె నేనేం చెప్తుంటి? తర్వాత పోలీసోళ్లకు, ఆఫీసోళ్లకు పడ్డడనే చెప్పినం. ముగ్గురు మగోళ్లు పక్కపొంటి కూసొని చూడలేదంటె ఎవరు నమ్ముతరు, భాభీ? నీకు ఏం మొఖం చూపెట్టాలె?"

స్వరూపకు అందులో ఒక్క మాటే వినిపించింది. "ఫోన్ నువ్వు చేసినవా?"

"నేనే."

"ఆయన చెయ్యలేదా?"

"లేదమ్మా. ఆయనకు తెలివి ఎక్కడిది?"

అంటే ఆయన పిలవలేదు. ట్యాంకరు దగ్గర ఆమె పైపు పట్టుకుని అరుస్తున్నప్పుడు ఆయన ఆమెను పిలిచి, ఎదురుచూసి, నిరాశపడి పోలేదు. ఎవరినీ పిలవకుండా, చెప్పులు విడిచి, కిటికీకి తల ఆనించి పోయాడు. ఇన్నాళ్లూ గొంతులో నిలబడి ఉన్నది దిగిపోవాలి కదా అని స్వరూప కాసేపు ఆగి చూసుకుంది. దిగిందో లేదో తెలియలేదు. చివరిగా తననే తలుచుకున్నాడన్న సంగతి మాత్రం ఆ ఫోనుతోపాటే పోయింది.

"లేపి ఉంటె బతుకుతుండెనా అమ్మా?" ప్రహ్లాద్ అడిగాడు. ఆమె ఏం చెబితే అదే తీర్పన్నట్టు చూశాడు. "దవాఖానల ఏమన్నరు?"

దవాఖానలో వాళ్లు ఏమీ అనలేదు. ఆమె ఏమీ అడగలేదు. ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది.

"నాకు తెల్వదన్నా" అంది. "గని ఇంట్ల పడుకున్నా నేను గూడ లేపకపోతుంటి. అలిసొచ్చిండు, పండనీ అనుకుంటుంటి."

ప్రహ్లాద్ భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అతని భుజాలు కదులుతుంటే మైసయ్య అటు తిరిగి కూర్చున్నాడు. నలుగురూ చూస్తున్నారు. స్వరూప కూడా చూసింది. ఈయనకు వచ్చినంత సులువుగా తనకు వస్తే ఇంట్లో ఆగమ్మ పోరు తప్పేది కదా అనుకుంది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. సికింద్రాబాదులో దిగి, ఆఫీసు తాళం తీసి, సారు గ్లాసు కడిగి నీళ్లు పోసింది.

మర్నాడు ఫలక్‌నుమాలో ఇమ్రాన్ దస్తీ చేతబట్టుకుని రైలు కోసం చూస్తుంటే దగ్గరికి వెళ్లింది.

"నాకు సీటు పట్టకు భాయ్. ఆడోళ్ల డబ్బల పోత ఇగ."

"కోపమొచ్చిందా భాభీ?"

"కోపం గాదు. అడిగేది ఒకటుండె. అడిగిన."

అతను దస్తీని మడతపెట్టాడు, విప్పాడు. "అన్న జాగల ఎవరన్న కూసుంటె మాకు మంచిగనిపియ్యదు."

"కూసోనీ. పడుకోనీ గూడ" అంది స్వరూప. "పాపం, డ్యూటీలు చేసి వస్తరు."

ఆడవాళ్ల డబ్బాలో కాలు పెట్టే సందు లేదు. కాలేజీ పిల్లలు, బురఖాల్లో టీచర్లు, సంచుల నిండా ఆకుకూర కట్టలు. మూల కొంచెం చోటు దొరికితే కూర్చుంది. ఇక్కడ ఎవరికీ ఆమె ఎవరో తెలియదు. ఎదురుగా నిలబడ్డ కూరగాయలామె మోకాళ్లకు మోకాళ్లు ఆనించి వంగింది.

"ఎక్కడ దిగుతవమ్మా?"

"సికింద్రాబాదు."

"అంత దూరమా? మరి నాకు సీటెప్పుడు దొరకాలె? నా తలరాత" అని ఆమె గంపను స్వరూప కాళ్ల దగ్గర దించింది. "నౌకరీయా?"

"ఆఁ."

"మీ ఇంటాయన ఏం జేస్తడు?"

ఈ ప్రశ్నకు ఇన్నాళ్లూ స్వరూప ఒకటే చెప్పేది, స్టేషన్ల పడి పోయిండు అని. నోటికి అలవాటైన మాట. అది వచ్చేదే, ఆపింది.

"పోయిండు" అంది. "ఈ రైల్లనే. నిద్రల పోయిండు."

కూరగాయలామె నాలుక చప్పరించింది. "ఎవరన్న ఉండిరా పక్కన?"

"ఉండిరి. దోస్తులు ముగ్గురుండిరి."

"నయం" అని ఆమె గంప మీద తడిగుడ్డ సర్దుకుంది. "పిల్లలా?"

"లేరు."

హుప్పుగూడ వచ్చింది. ఇంకా జనం ఎక్కారు. స్వరూప కాళ్లు ముడుచుకుని గంపకు చోటిచ్చింది.