ఎక్కువైన రెండంగుళాలు

ఆమె గిటార్లు చేస్తుంది. తమ్ముడు బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాడు. ఇరవై రెండేళ్లుగా అతను కచేరీలకు మోసుకెళ్లిన బరువైన బేస్ ఆమె చేతి పనే. పొట్టి బేస్‌లంటే అతనికి వేళాకోళం. అవి ఉయ్యాల్లో పిల్లలకివ్వాలనేవాడు. అలాంటివాడు ఒక మధ్యాహ్నం వర్క్‌షాపుకొచ్చి, బల్లమీది పొట్టు దులుపుకుని కూర్చుని, తనకి ముప్పై అంగుళాల తీగతో ఒకటి చేసిపెట్టమన్నాడు. ఎడమచేతి నరాలు చచ్చుబడుతున్నాయని, కుడిచేతికి ఇంకా కొంత టైముందని డాక్టరు చెప్పిందట. బస్సు ఆలస్యమైన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

మామూలు బేస్‌కి తీగ ముప్పైనాలుగు అంగుళాలుంటుంది. పొట్టిదైతే మెడమీద నొక్కే మెట్లు దగ్గరై వేళ్లకి సుఖం. కాని బిగువు తగ్గి, లావు తీగ మాట నములుతున్నట్టు పలుకుతుంది. అందుకని మెడకి గట్టి మేపుల్ కర్ర ఎంచింది. బాడీకి తేలికైన మహాగని తీస్తే అతను పేచీ పెట్టాడు: బాడీ మరీ తేలికైతే మెడ కిందికి వాలిపోతుంది, దాన్నెత్తి పట్టుకునే చెయ్యి తనకేదని. బరువైతే నీ భుజం ఆగదురా అని ఆమె పట్టీ తగిలించే కొమ్ముని పొడుగ్గా చెక్కి తూకం కుదిర్చింది.

నాలుగు నెలలు పట్టింది. అతను ఒళ్లో పెట్టుకుని మొదటి మెట్టు మీద చూపుడువేలు ఆనించాడు. చిటికెనవేలు నాలుగోదానిదాకా సాగలేదు. మళ్లీ ప్రయత్నించాడు. తరవాత టేపు తీసుకుని కొలిచాడు.

"ఇది ముప్పై కాదు కదా అక్కా?"

"ముప్పైరెండు."

"ఎందుకు?"

లావు తీగ బాగా పలుకుతుందని చెప్పబోయి మానుకుంది.  అతని చేతిలోంచి టేపు తీసుకుని చుడుతూ అంది, "నువ్వడిగినంత చేస్తే, నీకొచ్చింది నిజమేనని ఒప్పుకున్నట్టవుతుందిరా."

అతనికి కోపం రాలేదు. "ఒప్పుకునేది నేను కదక్కా. నువ్వు కొలత ప్రకారం చెయ్యి చాలు."

కొత్త మెడ చెక్కి, తీగలు ఆనే బ్రిడ్జి జరిపి, అయిదు వారాల్లో ముగించింది. అప్పటికి అతని ఎడమచేతిలో తీగ నొక్కే సత్తువే లేదు. కుడిచేత్తో ఊరికే తీగలు మీటుతూ చాలాసేపు విన్నాడు. దీని గొంతు బాగుందన్నాడు. ఆపైన ఆమెను పక్కకొచ్చి కూర్చోమన్నాడు.

"మూడో మెట్టు నొక్కు. ఇప్పుడు అయిదు. నిదానంగా, పొయ్యిమీద పాలేమైనా పెట్టొచ్చావా?"

గిటార్లు చేయడమే గాని తాళం ఆమెకి ఏనాడూ ఒంటబట్టలేదు. ఆమె నొక్కేది, అతను మీటేవాడు. తొమ్మిది ఆదివారాలు అలా వాయించారు. పదో ఆదివారానికి కుడిచెయ్యీ మొరాయించింది. ఆ ఏడు చివర్లో జబ్బు ఊపిరిదాకా పాకి అతను పోయాడు.

మొదటే ముప్పై చేసి ఉంటే ఆ అయిదు వారాలూ తమ్ముడు తన చేత్తోనే వాయించుకునేవాడని ఆమె మరదలితో ఒక్కసారే అంది. మరదలు కాదనలేదు. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.